పక్క పడవ తాడు

పన్నెండు నుంచి ఒంటిగంట దాకా వంతెన తెరవరు.
వంతెన మనిషి రొట్టె తినాలి కదా.
మేం మాత్రం ఎప్పుడూ
పన్నెండూ రెండు నిమిషాలకే చేరతాం,
ఇరవై మూడేళ్లుగా.

ఆ గంటసేపూ గాలికి వేరే పనుండదు,
మమ్మల్ని పట్టుకుని వంతెన మీదికి తోస్తుంది.
దారి తెరుచుకోగానే చప్పున పడిపోతుంది.
గాలం కర్రకి వేలాడే చెక్కబూటు
నా ముక్కు దగ్గరికి దిగుతుంది, సుంకం వెయ్యమని.
చిల్లర దుర్క్ జేబులో ఉంటుంది.
దుర్క్ చేతుల్లో చుక్కాని ఉంటుంది.

గట్టు మీద దుర్క్ నెమ్మదస్తుడు.
లేవార్డెన్‌లో ముప్పయ్యేళ్లు కళ్లద్దాలు అమ్మాడు,
ఒక్క గిరాకీ మీదా గొంతు లేపలేదు.
పడవెక్కాడా,
బోడి మల్లయ్య కాస్తా ఓడ మల్లయ్య.
"తాడు! తాడు!" అని అరుస్తాడు.
పడవలో పదకొండు తాళ్లున్నాయి.
ఏ తాడని అడిగితే
"అదే!" అంటాడు.

దుప్పటి తడి. అగ్గిపెట్టె తడి.
వంచిన తల ఎత్తిన ప్రతిసారీ
అదే దూలం, అదే బొప్పి.
మరుగుదొడ్డి పంపు ఇరవైసార్లు కొట్టాలి,
పద్దెనిమిదితో ఆపావో
ఆ రెండూ రాత్రికి వెనక్కి వస్తాయి.
మొన్న వించి పిడి నీళ్లలో పడింది,
బుడుంగుమని, ఎంతో తృప్తిగా,
ఎనభై యూరోలు.
అద్దె పడవలో కుర్రాళ్లు
పాటలు మోగించుకుంటూ దూసుకెళ్లారు,
నా కాఫీ నా ఒళ్లోకి వచ్చింది.
తెల్లారుజామున నాలుగింటికి బాతులొస్తాయి,
పడవ పొట్టకి పట్టిన పాచి పీక్కుతింటాయి,
సరిగ్గా నా చెవి దగ్గర,
చెక్కకి అవతలి పక్క.

"ఎంత అదృష్టమే నీది, నీళ్లూ ఆకాశమూ!"
అంటుంది మా హిస్కే.
ఆవిడొకసారి వచ్చింది, ఒక్కసారే.

ఇవన్నీ ఓర్చుకున్నదాన్ని
స్లోటెన్ రేవులో మూడో రాత్రి
తాడు ముందు ఓడిపోయాను.

టంగ్.
స్తంభానికి వదులు తాడు కొట్టుకోవడం.
టంగ్ టంగ్.
చప్పుడు కాదు చంపేది,
టంగ్,
తర్వాతిది ఎప్పుడా అని ఎదురుచూడ్డం.

పక్క పడవ సీబ్రెన్‌ది.
గోధుమరంగు చెక్క, రెండు పక్కలా రెక్కలు,
వాళ్ల తాతనాటిది.
పలకరిస్తే గడ్డం ఒక అంగుళం దించుతాడు, అంతే.
ఇంత పెద్ద పడవ పెట్టుకుని
ఒక తాడు బిగించడం చేతకాదా!
మూడు రాత్రులు తిట్టాను
మా అమ్మ నేర్పిన తిట్లన్నీ,
ఆవిడ నేర్పనివి కొన్ని.

రెండున్నరకి లేచాను.
చలికోటు, కింద రాత్రి గౌను, పళ్లమధ్య టార్చి,
చేతిలో టమాటా మొక్కలు కట్టే పురికొస.
దొంగలా అతని పడవ మీదికి ఒక కాలు వేశాను.
స్తంభం పట్టుకున్నాను.
నిద్రపోయే గుర్రం మెడలా ఉంది,
నిశ్శబ్దంగా, నిబ్బరంగా.
తాళ్లన్నీ వీణ తీగల్లా బిగించి ఉన్నాయి.

టంగ్.

వెనకనించి.

ఏ తాడో అప్పుడు తెలిసింది.
అదే.

ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ,
మధ్యలో నల్లటి నీళ్లు మెల్లగా వెడల్పవుతుంటే
గురివింద గింజలా నిలబడ్డాను.
సీబ్రెన్ తలుపు జరిగింది.
ఉన్ని టోపీ, దాని కింద ముఖం.
ఏమీ అడగలేదు.
చెయ్యి చాపాడు, చేతిలో జానెడు రబ్బరు తాడు,
రెండు చివర్లా కొక్కేలు.
మూడు రాత్రులుగా పట్టుకుని కూర్చున్నట్టు
వెచ్చగా ఉంది.
"వస్తారనుకున్నా," అన్నాడు.
నేను విన్న అతని మొదటి మాట.

కట్టాను. ఆగిపోయింది.
దుర్క్ అటు తిరిగి పడుకున్నాడు,
ఏమీ ఎరగనివాడు.
రేవు మొత్తం ఊపిరి వదిలినట్టయింది.
నేనూ తడి దుప్పటి లాక్కుని
కళ్లు మూశాను.

నాలుగైంది.
బాతులొచ్చాయి.